షేరా, జీతమా

"శాలువా వద్దంటే వద్దు సుచరితా. ఈ ఉక్కలో శాలువా కప్పితే ఆ మనిషి స్టేజీ మీదే కళ్ళు తిరిగి పడిపోతాడు" అంది పుష్పావతి. ఈ మాట అనడం అది మూడోసారి.

"ఫోటో కోసం అత్తయ్యా. రెండు నిమిషాలు. అన్ని కంపెనీల్లోనూ అంతే చేస్తారు" అంది కోడలు.

"తీసేశాక ఏం చేసుకుంటాడు?"

"బీరువాలో దాచుకుంటాడు."

"వాళ్ళింట్లో బీరువా తలుపు ఇప్పటికే మూతపడడం లేదు. నా మాట విని చెవి మిషను కొనివ్వండి. ఇరవై ఏళ్ళు ఆ ఇంజిన్ పక్కన నిలబడీ నిలబడీ ఎడమ చెవి పూర్తిగా పోయింది."

సుచరిత నవ్వాపుకోలేకపోయింది. "స్టేజీ మీదికి పిలిచి, దండేసి, చెవి మిషను చేతిలో పెడతామా? అందరి ముందూ నీకు చెవుడని చెప్పినట్టు ఉండదూ?"

భోజనాల బల్ల మీద దీవిలోని అబర్డీన్ బజార్ నుంచి తెచ్చిన మూడు శాలువాలు పరిచి ఉన్నాయి. కంపెనీ పడవలు నడిపే సరంగుల్లో అందరికంటే పాతవాడు గవరయ్య ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. మంగళవారం ఆఫీసు మేడ మీద సన్మానం. సుచరిత ఎర్ర శాలువాని మడతపెట్టి పక్కన పెట్టింది, అదే ఖాయం అన్నట్టు.

అప్పుడే రాజేంద్ర ఫైలుతో లోపలికి వచ్చాడు. అతని చూపు శాలువాల మీద పడలేదు.

"అమ్మా, సోమవారం పదకొండింటికి ఆడిటర్ దగ్గరికి రావాలి. ఒక్క సంతకం, బస్, అంతే. వచ్చేస్తావు."

"దేనికిరా?"

"చెప్పాను గదా. చెన్నై కంపెనీ వాళ్ళు మన కంపెనీలో కొంత కొంటున్నారు. కాగితాల మీద సగం నాన్నది, సగం నీది. మిగతాది రోజూ ఆఫీసుకి వచ్చే మనిషి చేతిలో ఉండాలని వాళ్ళ మాట. నీ సగం నా పేరుకి మార్చాలి."

సునామీ వచ్చిన మరుసటి ఏడాది కంపెనీ పెట్టారు. రిజిస్టరు చెయ్యడానికి తక్కువలో తక్కువ ఇద్దరి పేర్లు కావాలన్నాడు ఆడిటరు. భర్త అచ్చిబాబు పక్కన పుష్పావతి పేరు అలా చేరింది. ఆ రోజు ఆమె రెండో బస్సు తప్పిపోతుందన్న తొందరలో, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. ఇంట్లో తన పేరున ఉన్నవి గ్యాసు కనెక్షనూ రేషను కార్డూ అన్నట్టుగానే ఇన్నాళ్ళూ బతికింది.

"నా సగం అంటే ఎంతరా?" అని మామూలుగానే అడిగింది.

"చెన్నై వాళ్ళు కట్టిన లెక్కలో నూట ఇరవై కోట్లు."

పుష్పావతి చేతిలోని శాలువా అంచు వదిలేసింది. తాము డబ్బున్నవాళ్ళమని ఆమెకు తెలుసు. సరుకు మోసే నాలుగు బార్జీలు, ఐసు ఫ్యాక్టరీ, కోల్డ్ స్టోరేజీ, కొండ మీద ఈ ఇల్లు, రెండు కార్లు. కానీ అవన్నీ కంపెనీవనీ, కంపెనీ అంటే మొగుడనీ అనుకుంది. నూట ఇరవై కోట్లు తనదే అని ఎవరూ ఆమెతో ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు అన్న నోటితోనే కొడుకు దాన్ని సోమవారం తీసేసుకుంటానంటున్నాడు.

"వస్తావు గదా?" అన్నాడు రాజేంద్ర.

"ముందు బతు బస్తీ వెళ్ళి గవరయ్యని పిలిచి రావాలి" అంది పుష్పావతి, అడిగినదానికి జవాబు కాకపోయినా.

*

గవరయ్య ఇంటి మలుపులో కారు తిరగదు. పుష్పావతి దిగి నడిచింది. గుమ్మంలో అతని భార్య అచ్చమ్మ కత్తిపీట ముందేసుకుని చేపలు తోముతోంది.

"రా వదినా రా! ఫోన్ చేసుంటే నేనే వద్దును గదా. ఒసే చిన్నీ, అత్తకి కుర్చీ ఎయ్యి."

గవరయ్య లోపల్నుంచి చొక్కా తొడుక్కుంటూ వచ్చాడు. సొంతూళ్ళో ఉన్నప్పటి నుంచీ అచ్చిబాబుని బావా అని పిలిచేవాడు. కంపెనీ పెద్దదయ్యాక నలుగురిలో సేఠ్ అంటాడు. పుష్పావతిని మాత్రం ఎక్కడైనా అక్కా అనే అంటాడు.

"మంగళవారం సన్మానం తమ్ముడూ. అందరూ రావాలి."

"సామానా? ఏ సామాను అక్కా? బార్జీ లోడ్ అయిపోనాది."

"సన్మానం నాన్నా! నీకు దండేస్తారు!" అని చిన్ని కుడిచెవి దగ్గర అరిచింది. ఆ పిల్ల సహకార బ్యాంకులో క్లర్కు. ఆహ్వానం కార్డు అందుకుని తిరగేసి, "అత్తా, ఇంగ్లీషులో వేయించాల్సింది. నాన్నకి ఏ అక్షరాలూ రావు, నాకు తెలుగు అక్షరాలు రావు" అని నవ్వింది.

టీ వచ్చింది. రిటైరయ్యాక ఏం చేస్తావని పుష్పావతి అడిగితే, పీఎఫ్ వస్తే పైన రేకులు మార్పిస్తానని గవరయ్య చెప్పాడు. వానాకాలం రెండు చోట్ల కారుతోందట.

"జీతం అన్నది ఉండబట్టే ఈపాటి ఇల్లు కట్టుకున్నాం వదినా" అంది అచ్చమ్మ. "ఆవేళ ఆడిటరు ఆపీసు నుంచి ఈయనొచ్చి కేంపులో నాతో చెప్పిన మాట నాకింకా గుర్తే. 'షేర్ కావాలా, జీతం కావాలా అని బావ అడిగినాడే. మల్లీ వాటా ఏటి, పడిన రోజు పడతాది, పడని రోజు పడదు, పిల్లలు రిలీపు బియ్యం తింటన్నారు. జీతమే రాయించేసినాను' అన్నాడు. నేను సంతోషంతో ఏడిచేసినాను. నెల జీతం మా వంశంలో ఎవరికున్నాది!"

పుష్పావతి టీ గ్లాసు కింద పెట్టింది. "వాటా అనా? షేర్ అంటే చేపల వాటా అనుకున్నాడా?"

"నాన్న ఒక్కడే కాదత్తా, ఐదుగురూ" అంది చిన్ని. "నేను బ్యాంకులో చేరాక చెప్పాను, నాన్నా, అది పట్టిన చేపల్లో వాటా కాదు, కంపెనీలోనే హిస్సా అని. ఏమన్నాడో తెలుసా? 'ఏదైతే ఏటి, రెండూ ఒకటే గదా' అన్నాడు."

"ఏటంటంది ఇది?" అన్నాడు గవరయ్య.

"షేర్ గురించి నాన్నా!"

"ఆఁ, అదా." గవరయ్య చెయ్యి ఊపేశాడు. "బావకి మాత్రం ఏటి తెలుసు అక్కా అప్పుడు? అతనూ మాలాటోడే. అతను అడిగినాడు, మేం వద్దన్నాం. అడిగినోడి తప్పేటున్నాది?"

అతని ముఖంలో ఏ నిష్ఠూరమూ లేదు. అదే పుష్పావతికి కష్టంగా అనిపించింది. నిష్ఠూరమాడి ఉంటే ఏదో ఒకటి సర్ది చెప్పేది.

తిరిగి వస్తుంటే కారులో ఆమెకు సిప్పీఘాట్ బురద కళ్ళ ముందు మెదిలింది. అచ్చిబాబుకి ఆస్తి అంటూ ఉన్నది ఒక్క పడవ. అల దాన్ని ఎత్తి మడ చెట్ల మధ్య పడేసింది. దాన్ని నీళ్ళలోకి తేవడానికి గవరయ్య, యర్రయ్య, మరో ముగ్గురు పదకొండు రోజులు మొలలోతు బురదలో దుంగలు పరిచి, తాళ్ళు కట్టి లాగారు. ఆ రోజుల్లో కూలి ఇచ్చే స్థితిలో ఎవరున్నారు? పుష్పావతి క్యానులో గంజి మోసుకెళ్ళి పోసేది. పన్నెండో రోజు పడవ తేలింది. ఆ పడవతోనే దీవులకు రిలీఫ్ సరుకు తోలే పని దొరికింది. ఆ పనికి టెండరు వెయ్యాలంటే కంపెనీ ఉండాలన్నారు. కంపెనీ పెట్టడానికి ఆరుగురూ కలిసి అబర్డీన్ బజార్ వెళ్ళారు. అక్కడ అచ్చిబాబు ఆ ప్రశ్న అడిగాడు. ఐదుగురూ జీతమే అనబట్టి రెండో పేరుకి ఆమెని పిలిపించారు.

*

అచ్చిబాబు వరండాలో అడకత్తెరతో వక్కలు కత్తిరించుకుంటున్నాడు. మోకాలి ఆపరేషన్ తర్వాత మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటున్నాడు.

పుష్పావతి ఎదురుగా కూర్చుని చిన్ని చెప్పిందంతా చెప్పింది. ఆయన వక్క కత్తిరిస్తూనే విన్నాడు.

"షేర్ అంటే ఏమిటో మీకు ఆ రోజు తెలుసా?" అని అడిగింది చివర్లో.

"తెలీదు. ఒట్టు. నేనూ వాటా అనే అనుకున్నాను. వీళ్ళు జీతం అడిగితే, అమ్మో, ప్రతి నెలా ఎక్కడ తేనురా దేవుడా అని భయపడ్డాను."

"మరెప్పుడు తెలిసింది?"

అడకత్తెర ఆగింది.

"మరుసటేడు. మొదటి బార్జీ లోనుకి బ్యాంకు వాళ్ళు కాగితాలు అడిగితే ఆడిటరు విడమరిచి చెప్పినాడు. షేర్ అంటే కంపెనీయే, అదంతా నీదీ మీ ఆవిడదీ అని."

"వాళ్ళకి చెప్పలేదేం?"

"చెబుదామనే ఫీనిక్స్ బే ఎల్లినాను పుష్పా. తిన్నగా జెట్టీకే ఎల్లినాను. గవరయ్య ఇంజిన్ విప్పుకుని కూకున్నాడు. నన్ను చూసి, 'బావా, ఈ నెల జీతం రెండు రోజులు లేటైనా పరవాలేదులే' అన్నాడు. నీ గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన జీతాలు అప్పుడు నా జేబులోనే ఉన్నాయి. ఆ రోజుకి కంపెనీ అంటే ఏటి? అప్పు. ఒరే, మీకూ ఈ అప్పులో భాగం ఉందిరా అని ఏ నోటితో చెప్పను? ఒడ్డెక్కాక చెబుదాం అనుకున్నాను."

"ఒడ్డెక్కాక?"

"ఎక్కాక ఇంకో లోను. ఇంకో బార్జీ. ఆ తర్వాత..." ఆయన వక్క ముక్కలు డబ్బాలోకి ఊడ్చాడు. "ఆ తర్వాత చెప్పడానికి ఆలస్యమైపోనాది. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదురా అంటే ఏటి చెప్పను?"

ఆయన గొంతు పెరిగింది.

"రెండుసార్లు మునిగిపోవాల్సినోళ్ళం. ఒకసారి ఇల్లు కూడా బ్యాంకుకి రాసిచ్చేసినాను, నీకు తెలుసు. ఏ నెలైనా ఎవడి జీతమైనా ఆపినానా? ఈ రోజు నూట ఎనభై ఇళ్ళల్లో కంపెనీ వల్ల పొయ్యి వెలుగుతన్నాది. అదంతా ఊరికే వచ్చినాదా? నాది దొంగ సొమ్మంటావేటి?"

"అనను. పడవ మీది. అప్పు మీది. బెంగ పెట్టుకుని చిక్కిపోయింది మీరు. నేను కళ్ళారా చూశాను."

"మరి?"

"మరి నా పేరున ఉన్న సగం దేనికి వచ్చింది? నేనేం చేశానని?"

"గంజి మోసినావు."

"పదకొండు రోజులు గంజి మోశాను. గవరయ్య పడవ మోశాడు."

అచ్చిబాబు లేచి, కర్ర పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. వక్కల డబ్బా అక్కడే వదిలేశాడు.

పుష్పావతి కూర్చునే ఉండిపోయింది. ఆమె తండ్రి పడవ ఉన్నవాడు. చిన్నప్పుడు ఒడ్డున పంపకాలు జరుగుతుంటే ఇసుకలో కూర్చుని చూసేది. ఖర్చు తీసేశాక మిగిలిన దానిలో పడవకి ఇంత, వలకి ఇంత, ఆపైన మనిషికో వాటా. పడవ కొన్నవాడు ధైర్యం చేశాడు కాబట్టి అతనికి ఎక్కువ. దానికి ఎవరూ ఏడ్చేవారు కాదు. జ్వరమొచ్చి పడవెక్కని మనిషికి కూడా ఆ రోజు వాటా ఇంటికి పంపేవారు. పడవ ఎంత పెద్దదైనా, వల ఎంత కొత్తదైనా, రెండూ కలిపి సగానికి మించి తీసుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. మిగతా సగం మనుషులది. ఇక్కడ మాత్రం రెండు సగాలూ ఒకే ఇంటికి వచ్చేశాయి.

ఇదంతా పెద్ద తర్కం కాదని ఆమెకు తెలుసు. కంపెనీలు అలా నడవవని రాజేంద్ర అంటాడు. అతను చదువుకున్నవాడు, నిజమే అయ్యుంటుంది. కానీ ఆ ఐదుగురూ, అచ్చిబాబూ కూడా, ఆ రోజు ఆడిటరు ముందు కూర్చున్నది ఆ ఇసుక లెక్క బుర్రలో పెట్టుకునే గదా. ఒక మాటకి అందరూ ఒకే అర్థం అనుకున్నప్పుడు, ఆ అర్థం ప్రకారం కాకుండా కాగితం ప్రకారం పంచుకోవడం ఏం న్యాయం?

*

ఆదివారం మధ్యాహ్నం అందరూ ఇంట్లోనే ఉన్నారు. కాలేజీ సెలవు కావడంతో మనవరాలు అమ్మడు కూడా బల్ల దగ్గరికి వచ్చింది. సుచరిత చేపల పులుసు వడ్డిస్తోంది. తండ్రి ద్వారా విషయం రాజేంద్రకి అప్పటికే చేరింది. రెండు ముద్దలు తిన్నాక అతనే మొదలుపెట్టాడు.

"అమ్మా, నువ్వు ఏదో మనసులో పెట్టుకున్నావట. నాకేం కోపం లేదు. గవరయ్య మావయ్యా వాళ్ళకి తలా పాతిక లక్షలు ఇద్దాం. నేనే ఇస్తాను, ఖుషీగా. మంగళవారం స్టేజీ మీదే చెబుదాం."

"స్టేజీ మీద వద్దురా."

"ఇంట్లోనే ఇద్దాం పోనీ."

"ఎలా ఇచ్చినా అది మన దయ అవుతుంది. వాళ్ళు మనకి దణ్ణం పెట్టాలి. గవరయ్య పెడతాడు కూడా."

"అయితే ఏం కావాలంటావు? నాలుగు బార్జీలు, ఐసు ఫ్యాక్టరీ, కోల్డ్ స్టోరేజీ, ఇవన్నీ ఆ ఐదుగురు తెచ్చారా? నాన్నా నేనూ గదా తెచ్చింది. నేను పదేళ్ళు సెలవన్నది ఎరగను. వాళ్ళు నెల తిరిగేసరికి జీతం తీసుకుని నిశ్చింతగా పడుకున్నారు. రిస్కు ఎవరిది?"

"మీదే. మీరు లేకపోతే ఇంత అయ్యేది కాదు. ఒప్పుకుంటాను."

"మరింకేం?"

"ఆ ఒక్క పడవా బురదలోనే ఉండిపోతే ఎంత అయ్యేదిరా?"

రాజేంద్ర తండ్రి వైపు చూశాడు. అచ్చిబాబు కంచంలో ముళ్ళు ఏరుతున్నాడు.

"అత్తయ్యా, ఒకమాట" అంది సుచరిత, గరిటె పట్టుకునే. "వాళ్ళకి ఇస్తారు సరే. ఆ తర్వాత వచ్చిన నూట డెబ్భై పైచిలుకు మందీ కష్టపడలేదా? ఐసు ఫ్యాక్టరీలో చేతులు తిమ్మిరెక్కేలా పనిచేసే ఆడవాళ్ళ సంగతేంటి?"

పుష్పావతి కోడలి వైపు కొంచెం ఆశ్చర్యంగా చూసింది. "నువ్వడిగింది నిజమే అమ్మా. దానికి నా దగ్గర జవాబు లేదు. వాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు, వాళ్ళు ఏదీ వద్దనలేదు. అది మీరిద్దరూ ఆలోచించాల్సిన పని. నాకు తెలిసింది ఈ ఐదుగురి సంగతే."

"నానమ్మా, మతలబ్, అంటే మనం పేదవాళ్ళం అయిపోతామా?" అంది అమ్మడు.

"పిచ్చిపిల్లా. మీ తాతయ్య సగం అలాగే ఉంటుంది. అందులోనే మనకి ఏడు తరాలకి సరిపోతుంది."

సుచరిత చప్పుడు చెయ్యకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. పుష్పావతి నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు. ఎప్పుడూ రేపటి కూర గురించి ఎలా చెబుతుందో అలాగే చెప్పింది.

"రేపు పదకొండింటికి ఆడిటర్ దగ్గరికి వస్తాను. రాజేంద్ర పేరుకి సంతకం పెట్టను. ఏమండీ, పడవ వాటా మీ సగంలో ఉంది. దాన్ని నేను ముట్టుకోను. నా సగం ఆరు వాటాలు చేయిస్తాను. ఐదు వాళ్ళవి, ఒకటి నాది. నా వాటా నా తర్వాత అమ్మడిది. చెన్నై వాళ్ళు ఇష్టమైతే ఉంటారు, లేకపోతే పోతారు."

రాజేంద్ర తండ్రి వైపు తిరిగాడు. "నాన్నా, మీరైనా చెప్పండి. డైరెక్టరుగా మీ సంతకం లేకుండా ఆ మార్పు జరగదు."

అచ్చిబాబు కంచం పక్కకి జరిపాడు. ఆయన ఒక్క మాట కాదంటే ఇది ఇక్కడితో ఆగిపోతుందని బల్ల దగ్గరున్న అందరికీ తెలుసు. పుష్పావతికి అందరికంటే బాగా తెలుసు.

"యర్రయ్య పోయినాడు గదా" అన్నాడు చివరికి, భార్యనే చూస్తూ. "అతని వాటా ఎవరి పేరున రాయిద్దాం?"

"అతని పెళ్ళాం కామమ్మ పేరున" అంది పుష్పావతి.